మనసుకు ఎనిమిది మార్కులు

జూన్ 1, బుధవారం

అమ్మకు మిగిలిన ఆరు పళ్ళూ ఇవాళ తీసేశారు. చిన్న గాజుసీసాలో వేసి చేతికిచ్చారు. ఎందుకిచ్చారో తెలియలేదు. అమ్మ బస్సులో ఆ సీసాను ఒళ్ళో పెట్టుకుని, మూత గట్టిగా పట్టుకుని కూర్చుంది.

చిగుళ్ళు మానడానికి మూడు నెలలు పడుతుందన్నాడు డాక్టరు. సెప్టెంబరు మొదట్లో కొలతలు తీసుకుంటాడు. కట్టుడుపళ్ళు పై వరుస ఇరవై వేలు, కింది వరుస ఇరవై వేలు. పళ్ళ కవరులో ఇప్పుడు ఇరవయ్యారు వేలున్నాయి. అమ్మ కుట్టుడబ్బుల్లోంచి రెండు, నా జీతంలోంచి మూడు, నెలకు అయిదు వేలు వేస్తే సరిపోతుంది. కవరు నా దగ్గరే ఉంటుంది. "నా చేతిలో ఉంటే కరిగిపోతుందే, నువ్వే దాచు" అంది అమ్మ, మూడేళ్ళ క్రితం.

ఇంటికి రాగానే మెషిన్ ముందు కూర్చుంది. ఎవరిదో ప్యాంటు, అంచు కురచ చేయాలి. కుట్టు పూర్తిచేసి దారం నోటి దాకా ఎత్తి, ఆగిపోయింది. ముప్పై ఏళ్ళుగా దారాన్ని పళ్ళతోనే తెంపింది. దారాలు తెంపే చిన్న కత్తెర ఎక్కడుందో ఇద్దరికీ తెలియదు. వెతగ్గా వెతగ్గా వంటింట్లో దొరికింది.

మనసు: ఎనిమిది.

జూన్ 4, శనివారం

పాత పుస్తకం నిండిపోయింది కాబట్టి నియమాలు ఇందులోకి ఎక్కిస్తున్నాను.

టేబుల్ మీద పెట్టే డబ్బు పేక కవరులో ఉన్నదాంట్లో ఇరవయ్యో వంతు దాటకూడదు. అది పోతే మరో ఇరవయ్యో వంతు. అదీ పోతే లేచి ఇంటికి. వేరే కవరు ముట్టుకోకూడదు. ఇవన్నీ పేకాట క్లబ్బులో మాస్టారు చెప్పినవి. మనసుకు ఏడు మార్కులైనా లేని రోజు క్లబ్బు మెట్లెక్కకూడదు. ఇది నేను చేర్చింది.

మార్కులు వేసే అలవాటు కాన్వెంటులో సిస్టర్ చేయించారు. సాయంత్రం గంట కొట్టే ముందు అందరం చిన్న పుస్తకంలో ఆ రోజు మనసు ఎలా ఉందో పదికి ఇన్ని అని వేసుకోవాలి. "మీ మార్కులు మీరే వేసుకోండి. దేవుడు తర్వాత దిద్దుతాడు" అనేవారు. తొమ్మిది వేస్తే గర్వం. ఏడు వేస్తే గదిలోకి పిలిచి ఏమైందని అడుగుతారు. నాకు గదిలోకి వెళ్ళడం భయం.

పేక కవరులో ఇరవై వేలు. పోయిన ఏడాది అయిదు వేలతో మొదలుపెట్టాను. అంటే ఇప్పుడు రోజుకు వెయ్యి.

ఇవాళ నాలుగు వందలు వచ్చాయి. మనసు: ఎనిమిది.

జూన్ 12, ఆదివారం

అమ్మకు శని, ఆదివారాల్లో లైబ్రరీలో స్టాకు లెక్కింపు ఉందని చెప్పాను. ఏడాదిగా లెక్కిస్తూనే ఉన్నాం. మాది అంత పెద్ద లైబ్రరీ కాదు. అమ్మ ఎప్పుడూ అడగలేదు.

క్లబ్బు టైర్ల షాపు పైన. మెట్ల నిండా రబ్బరు వాసన. రెండు నుంచి ఏడింటి దాకా ఉంటుంది. చిన్న టేబుల్ కిటికీ పక్కన, పెద్ద టేబుల్ లోపల ఫ్యాను కింద. పెద్ద టేబుల్‌కి కనీసం రెండు వేలు ఉండాలి. అంటే కవరులో నలభై వేలు కావాలి. నాకు ఇంకా దూరం.

ఆడవాళ్ళలో ముక్కలు పంచే అమ్మాయి, నేను. ఆ అమ్మాయీ మాట్లాడదు. అందుకే ఇద్దరికీ బాగా కుదిరింది.

మాస్టారు రిటైరైన లెక్కల పంతులు. మా లైబ్రరీలో పోకర్ లెక్కల పుస్తకం ఆయన తిరిగిచ్చినప్పుడు, అరలో పెట్టేముందు నేను కౌంటరు కింద దాచుకుని చదివాను. రెండోవారం ఆయనే అడిగారు, "ఎంతవరకు వచ్చిందమ్మా?" అని. అలా వచ్చాను ఇక్కడికి. ఆయన డబ్బు కళ్ళజోడు పెట్టెలో తెచ్చుకుంటారు. పెట్టె ఖాళీ అయితే కళ్ళజోడు అందులో పెట్టుకుని వెళ్ళిపోతారు.

ఆటలో చేతికి రెండు ముక్కలే. అయిదు ముక్కలు బల్ల మధ్య అందరికీ ఉమ్మడి. ఎవరి చేతిలో ఏముందో ఎవరికీ తెలియదు. పుస్తకాలు చదివేవాళ్ళకి ఇది కష్టం కాదు. పేజీ తిప్పకుండా ఊరుకోవడం తెలిస్తే చాలు.

ఏడు వందలు వచ్చాయి. మనసు: ఎనిమిది.

జూన్ 26, ఆదివారం

పెద్ద టేబుల్‌లో కుర్చీ ఖాళీ లేక కింద షాపు ఓనరు మా చిన్న టేబుల్‌కి వచ్చాడు. అందరూ టైర్లాయన అంటారు. పెద్ద పొట్ట, పెద్ద గొంతు. కూర్చోకముందే నన్ను చూసి, "ఏం లైబ్రరీ, ఇక్కడ కూడా నిశ్శబ్దం పాటించాలా?" అన్నాడు. నవ్వారు.

నాకు ఇద్దరు రాణులు వచ్చారు. మధ్యలో ఆసు, జాకీ, ఎనిమిది, మూడు, నాలుగు. చివరి ముక్క తెరిచాక టైర్లాయన తన చిప్సు, డబ్బుకు బదులు వాడే బిళ్ళలు, మొత్తం ముందుకు తోశాడు. ఆసు ఉందన్నట్టు. నేను లెక్క వేశాను. ఎటు వేసినా ఆసే. రాణుల్ని బోర్లా పడేసి ఆ ఆట వదిలేశాను.

ఆయన ముక్కలు తిప్పి చూపించాడు. ఏడు, రెండు. పేకలో అంతకంటే పనికిమాలిన జంట లేదు.

"ఇట్లాంటి పుస్తకం మీ దగ్గరుందా లైబ్రరీ?" అన్నాడు. అందరూ నవ్వారు. ముక్కలు పంచే అమ్మాయి కూడా నవ్వింది.

ఆటలో ఇది మామూలే. నాకేమీ అనిపించలేదు. ఆరు వందలు పోయాయి. మనసు: ఎనిమిది.

జూన్ 27, సోమవారం

మూడు కొత్త పుస్తకాల వెన్నుల మీద 72 అని రాశాను. వాటి నంబరు అది కాదు. చీటీలు నీళ్ళతో తడిపి ఊడదీసేసరికి సాయంత్రమైంది.

జులై 3, ఆదివారం

టైర్లాయన పెద్ద టేబుల్‌లో ఉన్నాడు. నేను కిటికీ దగ్గర కూర్చుని కూడా ఆయన్ని చూడవచ్చు. మంచి ముక్కలు వచ్చినప్పుడు మాట్లాడతాడు. ఏమీ లేనప్పుడు ఎడమ చెవి తమ్మె పట్టుకుంటాడు. ఏడు సార్లు చూశాను, అయిదు సార్లు నిజమైంది.

ఆయన్ని చూస్తూ నా ముక్కలు సరిగా చూసుకోలేదు. వెయ్యి, మళ్ళీ వెయ్యి. లేచి వచ్చేశాను. నియమం తప్పలేదు. మనసు: ఎనిమిది.

జులై 7, గురువారం

పేక కవరులో పద్దెనిమిది వేలు. పళ్ళ కవరులో ముప్పై ఒకటి.

ఒక విషయం తోచింది. ఇరవయ్యో వంతు అన్నప్పుడు దేంట్లో ఇరవయ్యో వంతు అనేది మాస్టారు గట్టిగా చెప్పలేదు. మనిషికి ఉన్నదాంట్లో అనే అర్థం. రెండు కవర్లూ నా అలమరలోనే ఉన్నాయి, రెండింటి మీదా నా చేతిరాతే. కలిపితే నలభై తొమ్మిది. ఇరవయ్యో వంతు రెండు వేల నాలుగు వందల యాభై. పెద్ద టేబుల్‌కి కావలసింది రెండు వేలే.

పళ్ళ డబ్బు ముట్టుకోవడం కాదు ఇది. లెక్కలోకి తీసుకోవడం అంతే.

మనసు: ఎనిమిది.

జులై 8, శుక్రవారం

రెండు కవర్లూ ఒకదాంట్లో పెట్టేశాను. అలమరలో కాస్త చోటు కలిసొచ్చింది.

జులై 9, శనివారం

పెద్ద టేబుల్. ఫ్యాను సరిగ్గా నెత్తిమీద. టైర్లాయన, "రండి రండి, లైబ్రరీ ప్రమోషన్ మీద వచ్చింది" అని కుర్చీ లాగాడు. మాస్టారు కిటికీ దగ్గరనుంచి చూశారు. మళ్ళీ తన ముక్కల్లోకి తల దించుకున్నారు.

మూడు వేల రెండు వందలు గెలిచాను. ఒక్క రోజులో. అందులో రెండు వేలు టైర్లాయనవి. చెవి పట్టుకున్నాడు, నేను వదల్లేదు.

వచ్చే దారిలో అమ్మకు మెత్తటి కేకు కొన్నాను. "స్టాకు లెక్కింపుకి డబ్బులిస్తున్నారా?" అంది. ఇస్తున్నారన్నాను. ముక్క నోట్లో పెట్టుకుని, అది కరిగేదాకా కళ్ళు మూసుకుంది.

మనసు: ఎనిమిది. తొమ్మిది వేయవచ్చు కానీ గర్వం.

జులై 10, ఆదివారం

పోయాయి. నిన్నటివి, ఇంకొన్ని.

జులై 17, ఆదివారం

రెండుసార్లు పెట్టిందీ మూడింటికల్లా అయిపోయింది. లేచాను. నియమం ప్రకారం బస్టాపు దాకా వచ్చాను. అప్పుడు గొడుగు పైన మర్చిపోయానని గుర్తొచ్చింది. వాన పడేలా ఉంది. వెనక్కి వెళ్ళాను. నా కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది. ఖాళీ కుర్చీ ఉంటే ఆట నడవదని వాళ్ళకి ఇబ్బంది. కాసేపు కూర్చున్నాను.

టైర్లాయన, "గొడుగు కోసం వచ్చిన వాళ్ళు ఇంతసేపు కూర్చోరు లైబ్రరీ, వాన వెలిసింది" అన్నాడు. నాకేమీ అనిపించలేదు.

మరో రెండు వేల నాలుగు వందలు. మనసు: ఎనిమిది.

జులై 18, సోమవారం

గొడుగు ఇంట్లోనే ఉంది. తలుపు వెనక.

జులై 23, శనివారం

ఆటకు వెళ్ళలేదు. అమ్మకు జ్వరం. చిగుళ్ళలో ఒకచోట వాచింది.

యూనిఫారాల కాలం. పిల్లల నిక్కర్లు, లంగాలు గుట్టలుగా పడి ఉన్నాయి. ఒక తల్లి వచ్చి త్వరగా కావాలని గొడవ చేసింది. అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో చెప్పింది. ఆవిడకు అర్థం కాలేదు. "ఏంటండీ? చెయ్యి తీసి చెప్పండి" అంది. అమ్మ చెయ్యి తీయలేదు. నా వైపు చూసింది. బుధవారం ఇస్తామని నేను చెప్పాను.

ఆవిడ వెళ్ళాక అమ్మ అంది, "పసిపిల్లనైపోయానే. మెత్తటి తిండి, మాట తిరగదు, ఇంకొకళ్ళు చెప్పి పెట్టాలి. ఉయ్యాల ఒక్కటి కొనిపెట్టు." నేను నవ్వలేదు. "సెప్టెంబరు దాకానే కదా" అంది మళ్ళీ తనే. గోడమీద క్యాలెండర్లో సెప్టెంబరు పేజీకి ఎర్రదారం ముక్క గుచ్చి ఉంచింది.

దారాలు నేను కత్తిరించి ఇచ్చాను. చేతులు ఊరికే ఉంటే ముక్కలు పంచుతున్నట్టు కదులుతున్నాయి.

మనసు: ఎనిమిది.

జులై 31, ఆదివారం

ఈ నెల లెక్క వచ్చే నెలతో కలిపి చూస్తాను.

ఆగస్టు 1, సోమవారం

అమ్మ రెండు వేలిచ్చింది. నావి మూడు కలిపి కవరులో వేశాను. వేసేటప్పుడు కవరు తెరవాల్సి వచ్చింది. నలభై మూడు. ఇప్పటికి యాభై నాలుగు ఉండాలి.

ఉండాలి అనే మాట కవరుకు తెలియదు.

ఆగస్టు 7, ఆదివారం

మాస్టారు మెట్ల దగ్గర ఆపారు.

"నువ్వేదో మనసుకి మార్కులు వేసుకుంటావు కదమ్మా. ఇవాళ ఎంత?"

"ఎనిమిది."

"పోయిన వారం?"

"ఎనిమిది."

"ఆ ఏడూ రెండూ చూపించిన రోజు?"

నేను పక్కకు జరిగి ఆయనకు దారి ఇచ్చాను.

"నలభై ఏళ్ళు పేపర్లు దిద్దాను" అన్నారు. "అందరికీ ఎనిమిది వేసే పంతులు ఒకాయన ఉండేవాడు మా బడిలో. పిల్లలకి భలే ఇష్టం. ఆయన పేపర్లు విప్పేవాడే కాదు."

నేను నవ్వాను. మర్యాదకి.

"కోపం రాదా నీకు?" అన్నారు.

"రాదండీ. చిన్నప్పటి నుంచీ."

"అరిచేవాళ్ళతో చిక్కులేదమ్మా. పావుగంట అరుస్తారు, లేస్తారు, పోతారు. నీలాంటి వాళ్ళు కుర్చీలోనే ఉంటారు" అని కళ్ళజోడు పెట్టె జేబులో వేసుకుని దిగిపోయారు. నా వైపు తిరిగి చూడలేదు.

ఆయనకు వయసు మీద పడింది. ఈ మధ్య చిన్న టేబుల్ దగ్గర కూడా తడబడుతున్నారు.

నాలుగు వేల మూడు వందలు. పోయినవి. మనసు: ఎనిమిది.

ఆగస్టు 14, ఆదివారం

మళ్ళీ.

ఆగస్టు 19, శుక్రవారం

కవరులో ఇరవై తొమ్మిది. ఇప్పుడు ఇరవయ్యో వంతు పదిహేను వందలు కూడా కాదు. పెద్ద టేబుల్‌కి చాలదు. చిన్న టేబుల్‌కి వెళ్తే పోయింది తిరిగి రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో లెక్క వేశాను. పేజీ చింపేశాను.

ఇంకో పద్ధతి ఉంది. నాకు ఒక రోజుకు రెండు వేలు కావాలి, ఇంకా ఆరు రోజులు ఆడతాను అనుకుందాం. ఆ పన్నెండు వేలు ఒకేసారి తీసుకెళ్తే ఆరు రోజుల ఆట ఒక్క రోజులో అవుతుంది. బస్సు ఖర్చు కూడా మిగులుతుంది. కొత్తగా ఎక్కువ పెట్టడం కాదు ఇది. ముందుగా పెట్టడం.

రాసింది మళ్ళీ చదివాను. లెక్కలో తప్పు కనిపించలేదు.

మనసు: ఎనిమిది.

ఆగస్టు 20, శనివారం

రాస్తాను. పూర్తిగా రాస్తాను.

పన్నెండు వేలూ చిప్సుగా మార్చి ముందు పేర్చుకున్నాను. టైర్లాయన ఈల వేశాడు. "ఏం లైబ్రరీ, ఫైన్లు వసూలు చేశావా?" అన్నాడు. గంటన్నర సేపు ఏమీ ఆడలేదు. ముక్కలు వస్తే చూసి పడేశాను. నీళ్ళు తాగాను. చేతులు చల్లగా ఉన్నాయి. నేను చాలా ప్రశాంతంగా ఉన్నాను అనుకున్నాను.

నాలుగు కావస్తుండగా ఇద్దరు రాజులు వచ్చారు. డైమను, కళావరు. మధ్యలో మొదటి మూడు ముక్కలు: ఆఠీను రాజు, ఇస్పేటు తొమ్మిది, ఇస్పేటు నాలుగు. ముగ్గురు రాజులయ్యారు నాకు. నాలుగో ముక్క డైమను రెండు. అప్పటికి నన్ను ఎవరూ దాటలేరు. పందెం పెంచాను. మిగతా వాళ్ళు వదిలేశారు. టైర్లాయన వదల్లేదు. చెవి పట్టుకున్నాడు.

మొత్తం తోశాను.

ఆయన కాసేపు నన్నే చూశాడు. "నీ దగ్గర బాగా ఉన్నట్టుంది, కానీ చూడాల్సిందే" అని తనవీ తోశాడు. ఇద్దరం ముక్కలు తిప్పాం. ఆయనవి ఇస్పేటు ఆసు, ఇస్పేటు జాకీ. ఇంకొక ఇస్పేటు పడితే అయిదూ ఇస్పేట్లై ఆయనది, లేకపోతే నాది. ఆరింటిలో అయిదు నావి. ఆ క్షణంలో నేను అమ్మ పళ్ళ గురించి అనుకోలేదు. ఆయన నవ్వు ముఖం ఎలా మారుతుందా అని చూస్తున్నాను. ఇది రాయకుండా ఉండొచ్చు. రాశాను.

ముక్కలు పంచే అమ్మాయి చివరిది తిప్పింది. ఇస్పేటు ఆరు.

ఎవరూ నవ్వలేదు. టైర్లాయన చిప్సు లాక్కోలేదు, కాసేపు అలాగే ఉంచాడు. "చెత్త ముక్క పడింది. నీ ఆటలో తప్పు లేదు" అన్నాడు. నేను లేచాను. ఈసారి గొడుగు నిజంగానే కుర్చీకి తగిలించి ఉంది. అది తీసుకోకుండా వచ్చేశాను.

మాస్టారు మెట్ల దాకా వచ్చారు. "సరిగ్గానే ఆడావు" అన్నారు. నేను తలూపాను. "ఆ డబ్బుతో ఆ కుర్చీలో కూర్చోవడం ఒక్కటే తప్పు" అన్నారు. "ఎవరిదమ్మా అది?"

చెప్పలేదు.

మనసు: ఎనిమిది.

ఆగస్టు 21, ఆదివారం

ఆదివారం.

ఆగస్టు 27, శనివారం

గొడుగు కోసం వెళ్ళాను. నిజంగా గొడుగు కోసమే. బ్యాగులో రెండు వేలు కూడా ఉన్నాయి.

రెండున్నర. టైర్లాయన పైన లేడు, కింద షాపులో ఉన్నాడు. కారు చక్రం విప్పుతున్నాడు. చేతులు మోచేతుల దాకా నలుపు.

"ఆడటం లేదా?" అన్నాను. ఆయనతో నేనై మాట్లాడటం అదే మొదటిసారి.

"అయిపోయిందమ్మా. ఇరవై నిమిషాల్లో ఊడ్చేశారు ఇవాళ." చొక్కా జేబు తట్టి చూపించాడు. "మా ఆవిడ ఇందులో ఎంత పెడితే అంత. నాకు చెప్పదు కూడా. అయిపోతే కిందికి దిగి టైర్లు విప్పుకోవడమే. కోపమొస్తే ఈ నట్లు బాగా ఊడతాయి."

"పోయిన వారం గెలిచారుగా."

"అది సాయంత్రమే ఆవిడ చేతికి వెళ్ళిపోయింది. నాకు ఒక్క టీ ఇచ్చింది."

అడగకూడదనుకుంటూనే అడిగాను. "ఆ రోజు ఏడు, రెండు చూపించారు. ఎందుకు చూపించారు?"

"ఏ రోజు?"

"జూన్‌లో. నా దగ్గర రాణులు ఉన్నాయి."

ఆయన నిజంగానే ఆలోచించాడు. నుదురు తుడుచుకుంటే నల్ల మరక పడింది. "గుర్తులేదమ్మా. ఏదో సరదాకి చూపించి ఉంటా. ఎందుకు, ఏమన్నా బాధపడ్డావా?"

"లేదండీ" అన్నాను.

పైకి వెళ్ళలేదు. గొడుగు ఆయనే తెప్పించి ఇచ్చాడు. రెండు వేలు బ్యాగులోనే ఉన్నాయి. బస్సులో అరవై ఆరు అరవై ఏడు అని సీట్లు లెక్కపెట్టాను. బస్సులో అన్ని సీట్లు ఉండవు.

మార్కులు రేపు వేస్తాను.

ఆగస్టు 31, బుధవారం

అమ్మతో డాక్టరు ఇంకో రెండు నెలలు ఆగమన్నాడని చెప్పాను. చిగురు ఒకచోట ఇంకా గట్టిపడలేదట అన్నాను. ఎక్కడ అని వేలు పెట్టి చూసుకుంది. చూపించాను. ఏదో ఒక చోటు.

"సరేలే" అంది. ఎర్రదారం ముక్క తీసి నవంబరుకు గుచ్చింది.

సెప్టెంబరు 1, గురువారం

అమ్మ రెండు వేలు. నావి మూడు. ఇరవై రెండు. నలభై ఒకటి ఉండాల్సిన చోట.

సెప్టెంబరు 8, గురువారం

మెషిన్ మీద లేత ఆకుపచ్చ ప్యాంటు ఉంది. డాక్టరు దగ్గర పనిచేసే నర్సుది. ఆ రంగు ఇంకెవరూ వేసుకోరు. నడుము దగ్గర వదులు చేయమని ఇచ్చి వెళ్ళిందట.

"ఏమైనా అందా?" అన్నాను.

"లావయ్యానంది" అంది అమ్మ.

సెప్టెంబరు 9, శుక్రవారం

అమ్మ మాట్లాడుతోంది. కూర ఉప్పగా ఉందంటుంది, దారపు ఉండ ఎక్కడ పెట్టానంటుంది. క్యాలెండర్లో దారం ముక్క లేదు. కింద కూడా పడలేదు, వెతికాను.

సెప్టెంబరు 11, ఆదివారం

రెండయ్యింది. నేను వెళ్ళలేదు.

"ఇవాళ లెక్కింపు లేదా?" అంది అమ్మ, మెషిన్ ఆపకుండా.

"అమ్మా, డాక్టరు రెండు నెలలు ఆగమనలేదు."

"తెలుసు. వారం నుంచీ ఎప్పుడైనా రమ్మంటున్నాడట."

"డబ్బు పోయింది."

"ఎక్కడ పడేశావు?"

"పేకాటలో."

మెషిన్ ఆగింది. "ఎవడే వాడు?"

"ఎవడు?"

"ఆడినవాడు. నీ దగ్గర తీసుకుని పేకాడిన వాడు. ఎన్నాళ్ళ నుంచి?"

"ఎవరూ లేరమ్మా. నేనే ఆడాను."

అమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. "నువ్వా? కొట్టువాడు చిల్లర తక్కువిస్తే నోరు తెరిచి అడగవు నువ్వు. నువ్వు మగవాళ్ళ మధ్య కూర్చుని పేకాడావా?"

"ఏడాది పైగా."

"ఎంత?"

"పళ్ళవి పందొమ్మిది వేలు. ఇంకో పద్దెనిమిది నావి."

"నీవేంటి, నావేంటి" అంది. చేతిలో ఉన్న ఆకుపచ్చ గుడ్డను మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టింది. నేను అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండునని కూడా అనుకున్నాను. "మరి రోజూ ఆ పుస్తకంలో ఏం రాస్తావు? పద్యాలు రాస్తున్నావనుకున్నా" అంది.

"మనసుకు మార్కులు. మనసు బాగాలేనప్పుడు ఆడకూడదని."

"ఇవాళ ఎంత?"

"ఎనిమిది" అన్నాను.

అనుకుని అనలేదు. దానంతటదే వచ్చేసింది.

అమ్మ నవ్వింది. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. మూడు నెలల తర్వాత అమ్మ నోరు లోపలిదాకా చూశాను. గులాబీరంగుగా, నున్నగా, ఎక్కడా వాపు లేకుండా పూర్తిగా మానిపోయిన చిగుళ్ళు. నవ్వుతూనే ఉంది, భుజాలు ఊగుతున్నాయి, కాసేపటికి అది నవ్వో కాదో నాకు తెలియలేదు. దగ్గరికి వెళ్ళబోతే చేత్తోనే వద్దంది. మెషిన్ వైపు తిరిగింది.

సిస్టర్ గదిలోకి పిలవరు. పిలిచినా పర్వాలేదు.

మనసు: ఒకటి.

సెప్టెంబరు 12, సోమవారం

కవరు అమ్మ చేతికిచ్చాను. లెక్కపెట్టలేదు. మెషిన్ సొరుగులో పెట్టి తాళం వేసింది. తాళంచెవి మెడలో వేసుకుంది. నా ముందే వేసుకుంది.

మనసు: రెండు.

సెప్టెంబరు 17, శనివారం

డాక్టరు దగ్గరికి అమ్మ ఒక్కతే వెళ్ళింది. నేను వస్తానంటే "లైబ్రరీలో లెక్కింపు లేదా?" అంది. ఎగతాళికే అంది. అయినా చాలా దూరం వెళ్ళింది ఆ మాట.

పై వరుస ఒక్కటే చెప్పి వచ్చింది. కిందిది వచ్చే ఏడాది చూద్దామంది.

రెండు గంటలకు చెప్పులు వేసుకున్నాను. చౌరస్తా దాకా నడిచి వెనక్కి వచ్చాను. కోపం వచ్చింది. టైర్లాయన మీద కాదు. ఇస్పేటు ఆరు మీద. ఇంకా దాని మీదే.

మనసు: మూడు.

అక్టోబరు 1, శనివారం

పై వరుస వచ్చింది. బాగుంది. మరీ తెల్లగా ఉందంటుంది అమ్మ. అద్దంలో పెదవి ఎత్తి, దించి, ఎత్తి చూసుకుంది. గిరాకీలతో చెయ్యి అడ్డం పెట్టుకోకుండా మాట్లాడింది. యూనిఫారం గొడవ పెట్టిన ఆవిడే వచ్చి, "పదేళ్ళు తగ్గారండీ" అంది.

నాకు క్లబ్బు లేదు కాబట్టి పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. అమ్మ జిప్పు కుట్టడం పూర్తిచేసింది. గుడ్డ ఎత్తి దారాన్ని నోట్లో పెట్టుకుంది. ముఖం వెలిగింది. కొరికింది.

కింద ఏమీ లేదు. దారం కొత్త పళ్ళ కింద జారి, చిగురు మీద మెత్తగా పాకి బయటికొచ్చింది. తెగలేదు. మళ్ళీ కొరికింది. మళ్ళీ జారింది.

తర్వాత నా వైపు చూడకుండా, తడిసిన దారం అలాగే పట్టుకుని, గుడ్డను నా వైపు చాపింది.

కత్తెర నా చేతిలోనే ఉంది. తెంపాను. ఇంకోటి చాపింది. తెంపాను. చీకటి పడేదాకా ముప్పై ఒక్క దారాలు.

మనసు: రెండు.